‘కన్ను’ చుట్టూ ఉన్న పదాలు: పర్యాయపదాలు, నానార్థాలు నేర్చుకొనే పద్ధతి

పాఠశాల తెలుగు పరీక్షల్లో పర్యాయపదాలు, నానార్థాలు, వ్యుత్పత్త్యర్థాలు అనే చిన్న ప్రశ్నలకు మార్కులు కొద్దిగానే ఉంటాయి గాని, వాటికోసం పిల్లలు చేసే వల్లెవేత మాత్రం కొద్దిది కాదు. ‘కన్ను: నేత్రం, నయనం, అక్షి’ అని వరుసగా అప్పగించిన విద్యార్థిని ‘నయనం’ చేర్చి ఒక వాక్యం చెప్పమంటే, ‘నా నయనంలో నలుసు పడింది’ అని చెప్పే సందర్భాలు ఉపాధ్యాయులందరికీ తెలిసినవే. ఆ వాక్యంలో వ్యాకరణదోషం లేదు, అర్థదోషమూ లేదు, అయినా తెలుగు తెలిసినవారెవ్వరూ అలా అనరు. కాబట్టి పర్యాయపదాన్ని ఒంటరిగా గాక అది ఏ పదంతో కలిసి వస్తుందో ఆ పదంతోనే నేర్చుకోవాలనీ, నానార్థాన్ని అది పలికే వాక్యంతోనే నేర్చుకోవాలనీ నా అభిప్రాయం. ఈ పద్ధతిని ‘కన్ను’ అనే ఒక్క మాట మీద ఎలా నడిపించాలో, విశాఖపట్నంలో చదువుకొనే పిల్లలకు, వారికి ఇంటివద్ద చదువు చెప్పే తల్లిదండ్రులకు ఉపయోగపడేలా ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట మాట రూపాలు

పర్యాయపదాల జోలికి పోకముందు, తీసుకున్న మాటకు తెలుగులో ఉన్న రూపాలన్నీ నోటుపుస్తకంలో ఒక పేజీ పైభాగాన రాసుకోవాలి. కన్ను ఏకవచనం. కన్నులు, కండ్లు, కళ్ళు అని బహువచనంలో మూడు రూపాలున్నాయి. విశాఖలో మాట్లాడేటప్పుడు కళ్ళు అనే రూపమే వినిపిస్తుంది గాని, కళ్ళు ఎర్రబడి ఊసులు కట్టే జబ్బును పత్రికలు ఇప్పటికీ కండ్లకలక అనే రాస్తాయి. పాత రూపాలు ఇలా జబ్బుల పేర్లలోనూ సామెతల్లోనూ నిలిచిపోతుంటాయి. విభక్తి ప్రత్యయాలు చేరేముందు కన్ను ‘కంటి’గా మారుతుంది, అందుకే కన్నుకి అనక కంటికి అంటాము. ఇల్లు ఇంటిగా మారడం కూడా ఇటువంటిదే, దీనినే వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారు. ఇక సమాసాల్లో చివరి ద్విత్వం పోయి ‘కను’ అనే పొట్టి రూపం మిగులుతుంది: కనురెప్ప, కనుబొమ్మ, కనుపాప, కనుచూపు, కనువిందు, కనువిప్పు, కనుమరుగు. మరో పదానికి వెనుక చేరినప్పుడు మొదటి అక్షరం మెత్తబడి ‘గన్ను’ అవుతుంది, కడగన్ను, క్రీగన్ను అన్నవి అలా వచ్చినవే.

ఈ రూపాల పట్టిక అనవసరమనిపించవచ్చు. కాని నిఘంటువు తెరిచినప్పుడు దీని విలువ తెలుస్తుంది, ఎందుకంటే కంటిపాప, కందోయి, కనుసన్న, కళ్ళజోడు అనే నాలుగు మాటలూ నిఘంటువులో ఒకదానికొకటి దూరంగా నాలుగు చోట్ల ఉంటాయి. రూపాలు తెలియని విద్యార్థి ‘కన్ను’ అనే ఒక్క ఆరోపమే (నిఘంటువులో అర్థం ఇచ్చిన మాట) చూసి పుస్తకం మూసేస్తాడు. సంస్కృతపదాలను వెదికేటప్పుడు మరొక చిన్న జాగ్రత్త కావాలి. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి పాత నిఘంటువులలో ‘నేత్రం’ అని వెదికితే దొరకదు, ‘నేత్రము’ అని వెదకాలి.

సంస్కృతపదాలను జతలతో నేర్వడం

సంస్కృత పర్యాయపదాల నిఘంటువైన అమరకోశం రెండవ కాండలోని మనుష్యవర్గంలో కంటికి ఎనిమిది పేర్లు చెప్పారు: లోచనం, నయనం, నేత్రం, ఈక్షణం, చక్షువు, అక్షి, దృక్కు, దృష్టి. పరీక్షకు వీటిలో రెండు మూడు చాలు. అయితే ఎనిమిదింటిలో ప్రతి మాటా మనం రోజూ వాడే ఏదో ఒక మాటలో దాగి ఉంది గనుక, ఆ దాగిన చోటు చూపిస్తే పిల్లలు వల్లెవేయవలసిన పని ఉండదు.

నేత్రం వైద్యానికీ సభామర్యాదకూ అలవాటుపడిన మాట. నేత్రవైద్యుడు, నేత్రదానం, నేత్రపర్వం అంటాము. అదే ఇంట్లో మనిషిని డాక్టరుకు చూపించవలసివస్తే ‘కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాము’ అంటామే గాని నేత్ర వైద్యశాలకు తీసుకువెళ్ళామని ఎవరూ అనరు. బోర్డుమీద ఒక మాట, నోటిలో ఒక మాట ఎలా ఉంటాయో పిల్లలకు చూపించడానికి నగరంలోని ఏ కంటి ఆసుపత్రి ముందైనా ఒక్క నిమిషం నిలబెడితే చాలు. 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన కంటి పరీక్షల పథకానికి ‘కంటి వెలుగు’ అని పేరు పెట్టారు. నేత్ర ప్రకాశమో నయన జ్యోతియో అని పెట్టకుండా ఇంటిమాటనే పెట్టడం వల్ల ఆ పేరు పల్లెల్లో సులువుగా నోటికెక్కిందని నేను అనుకుంటాను.

నేత్రం, నయనం రెండూ ‘నీ’ అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చాయి. నడిపించడం, తీసుకుపోవడం ఆ ధాతువుకు అర్థం. దారి చూపి నడిపించేది గనుక కన్ను నేత్రమైంది, ప్రజలను నడిపించేవాడు గనుక నాయకుడు నేత అయ్యాడు. (చేనేతలోని నేత వేరు, అది నేయు అనే తెలుగు క్రియ నుంచి వచ్చింది.) ఉపనయనంలో ఉన్న నయనానికి కన్ను అని అర్థం చెప్పి, రెండవ కన్ను తెరిపించే సంస్కారమని వ్యాఖ్యానించేవారు ఉన్నారు. వినడానికి అందంగా ఉన్నా అది వ్యుత్పత్తి కాదు. వటువును గురువు దగ్గరకు తీసుకుపోవడం అనేదే ఆ మాటకు అర్థం. నయనం కన్ను అనే అర్థంలో నయనానందకరం, నయనమనోహరం వంటి వర్ణనల్లోనే కుదురుతుంది, మామూలు సంభాషణలో కుదరదు.

లోచనం ‘ఆలోచన’లో ఉంది. మనసుతో చూడటమే ఆలోచించడం. పూర్వం కళ్ళజోడును సులోచనాలు అనేవారు, ఆ మాట ఇప్పుడు హాస్యానికి మాత్రమే మిగిలింది. ఈక్షణానికి చూడటం అనే అర్థం కూడా ఉంది గనుక ఆ కుటుంబం చాలా పెద్దది: నిరీక్షణ, వీక్షణం, పరీక్ష, సమీక్ష, ఉపేక్ష. చక్షువుతో తెలుగులో సమాసాలు తక్కువ, కళ్ళు లేకున్నా జ్ఞానంతో చూసేవారిని ప్రజ్ఞాచక్షువులు అంటారనీ, పామును చక్షుశ్శ్రవం, అంటే కళ్ళే చెవులుగా గలది అంటారనీ తెలిస్తే చాలు. దృష్టి వికృతి ‘దిష్టి’. పసిపాప బుగ్గన పెట్టే చుక్కకూ, కట్టుబడిలో ఉన్న ఇంటిముందు వేలాడదీసే బూడిదగుమ్మడికాయకూ ఈ మాటతోనే పేరు వచ్చింది.

అన్నిటికంటె ఎక్కువగా దాగి ఉన్నది అక్షి. కంటికి ఎదురుగా ఉన్నది ప్రత్యక్షం, కంటికి ఆవల ఉన్నది పరోక్షం, కళ్ళ ముందు జరిగేది సమక్షంలో జరిగినట్లు. కడగంటి చూపు కటాక్షం. ఆవుకన్ను ఆకారంలో ఉండేది గనుక కిటికీ గవాక్షమయింది. బీచిరోడ్డులో భీమిలి వైపు వెళ్ళేవారికి పరిచయమైన విశాలాక్షినగర్ పేరులో ఉన్నది విశాలమైన కన్నులు గల అమ్మవారు. ఇక్కడ ఒక నియమం గుర్తుపెట్టుకుంటే వ్యుత్పత్త్యర్థాల ప్రశ్న సగం తేలికపడుతుంది. కన్నులనుబట్టి పేరు వచ్చినప్పుడు పురుషులకు చివర ‘అక్షుడు’ అనీ, స్త్రీలకు ‘అక్షి’ అనీ వస్తుంది: పుండరీకాక్షుడు, విరూపాక్షుడు, సహస్రాక్షుడు, మీనాక్షి, కామాక్షి. వీటిని విడదీసి ‘తెల్లతామరల వంటి కన్నులు గలవాడు’, ‘చేపల వంటి కన్నులు గలది’ అని రాస్తే సరిపోతుంది. వేయి కన్నులు గల సహస్రాక్షుడు ఇంద్రుడు, మూడు కన్నులు గల ముక్కంటి శివుడు. ముక్కంటినే సంస్కృతంలో త్రినేత్రుడు, త్రిలోచనుడు, త్ర్యంబకుడు అంటారు, చివరి మాటలోని అంబకం అంటే కన్నే.

అచ్చమైన నానార్థాలు

నానార్థాలకు వచ్చేసరికి పిల్లలు పొరపడేది ఒక్కచోటనే. పర్యాయపదాలంటే ఒకే వస్తువుకు అనేక పేర్లు, నానార్థాలంటే ఒకే పేరుకు అనేక వస్తువులు. ‘కన్ను’ నానార్థాలు రాయమంటే నేత్రం, నయనం అని రాసేవారికి సున్నా రావడం న్యాయమే.

కన్నుకు నానార్థాలు పుస్తకంలోకంటె పనిచేసే మనుషుల నోట ఎక్కువగా దొరుకుతాయి. విశాఖ జాలారిపేటలో వల బాగుచేసేవారి దగ్గర కాసేపు కూర్చోండి. అసలు జాలారి అనే పేరులోనే జాలం, అంటే వల ఉంది. దారాలు ముడిపడిన చోట్ల మధ్య ఏర్పడే ఖాళీని వారు కన్ను అంటారు. పెద్దకన్ను వలలో చిన్న చేపలు జారిపోతాయి, సన్నకన్ను వలలో పిల్లలతో సహా చిక్కుతాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం అమలులో ఉంటుంది గనుక, ఆ రోజుల్లో వలలన్నీ ఒడ్డుకు చేరతాయి. తెగిన కంటిని వెదికి, దాని చుట్టూ ఉన్న దారాన్ని సమంగా కోసి, అదే కొలతతో కొత్త కన్ను అల్లే పని అప్పుడు దగ్గరగా చూడవచ్చు. వేసవి సెలవులు కూడా అప్పుడే గనుక పిల్లలకు ఇంతకంటె మంచి పాఠం లేదు.

మరొక అర్థం కోసం అనకాపల్లి దాకా వెళ్ళాలి. 2022 ఏప్రిల్ 4న అది వేరే జిల్లా అయినా, బెల్లానికీ చెరకుకూ విశాఖవారు ఇంకా ఆ ఊరి పేరే చెబుతారు. చెరకుగడ మీద ప్రతి కణుపు దగ్గరా ఉబ్బెత్తుగా ఒక మొగ్గ ఉంటుంది, కొత్త మొక్క అక్కడినుంచే మొలుస్తుంది. రైతులు దానిని కన్ను అంటారు. నాటడానికి గడను ముక్కలుగా కొట్టేటప్పుడు ‘మూడు కళ్ళ ముచ్చె’ అని లెక్క చెబుతారు, ముచ్చె అంటే నాటే ముక్క. ఈ అర్థంలో కన్నుకు చూపుతో ఏ సంబంధమూ లేదు, మొలకెత్తే చోటు అని మాత్రమే అర్థం. పీచు తీసిన కొబ్బరికాయకు ఒకవైపు కనిపించే మూడు గుంటలు కూడా కళ్ళే, వాటిలో మెత్తగా ఉన్న కంటినుంచే మొలక బయటకు వస్తుంది. నెమలి ఈక చివర నీలంగా మెరిసే గుండ్రని మచ్చ నెమలికన్ను, దీనికి పోలిక తప్ప వేరే కారణం లేదు.

సంస్కృతపదాలకు ఉన్న నానార్థాలు కావ్యాలు చదివేవారికి తప్పనిసరి. నేత్రానికి కన్ను కాక చెట్టువేరు, సన్నని వస్త్రం, కవ్వపుతాడు అనే అర్థాలున్నాయి. పాలసముద్రాన్ని మథించేటప్పుడు మందరపర్వతం కవ్వమై, వాసుకి నేత్రమైందని ఎక్కడైనా చదివితే, పాము కన్నుగా మారిందని అనుకోకూడదు, తాడుగా చుట్టారని గ్రహించాలి. దృష్టికి చూపు, కన్ను, బుద్ధి అనే అర్థాలు చెబుతారు. అక్షం అనే మాటకు ఇరుసు, పాచిక అనే అర్థాలున్నాయి, అందుచేత ‘అక్ష’ కనిపించిన ప్రతిచోటా కన్ను అని రాయరాదు. విశాఖపట్నం సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉందని భూగోళపాఠంలో చదువుతాము, ఆ అక్షాంశంలో ఉన్న అక్షం కన్ను కాదు. రుద్రాక్షలో ఉన్నది మాత్రం కన్నే.

జాతీయాలలో వచనం చూడాలి

కన్నుతో వచ్చే జాతీయాలు వందకు తక్కువ ఉండవేమో అనిపిస్తుంది. అన్నిటినీ జాబితాగా రాసుకోవడంవల్ల ప్రయోజనం లేదు. కన్నుకుట్టడం, కళ్ళలో నిప్పులు పోసుకోవడం అసూయ అనీ, కళ్ళు నెత్తికెక్కడం పొగరు అనీ, కళ్ళు కాయలు కాయడం ఎదురుచూపు అనీ ప్రతివారికీ తెలుసు. తెలియవలసింది చిన్న మార్పుతో అర్థం పూర్తిగా మారిపోయే జంటలు. ‘ఆయన కళ్ళు మూసుకున్నాడు’ అంటే కునుకు తీస్తున్నాడో, దండం పెట్టుకుంటున్నాడో అయి ఉండవచ్చు, ‘ఆయన కన్నుమూశాడు’ అంటే మరణించాడు. ఏకవచనం పోయి బహువచనం రావడం, ‘కొను’ చేరడం, ఈ రెండే తేడాలు. పత్రికల్లో మరణవార్తకు కన్నుమూత అనే శీర్షికే వస్తుంది గాని కళ్ళుమూత అని రాదు.

‘ఆ స్థలం మీద కన్నేశాడు’ అంటే కాజేయాలని చూస్తున్నాడు. ‘బయటికి వెళ్తున్నాను, పొయ్యిమీద పాలున్నాయి, ఓ కన్నేసి ఉంచు’ అంటే కాపలా కాయమని. కళ్ళు తిరిగితే మనిషి పడిపోతాడు, కళ్ళలో నీళ్ళు తిరిగితే మనసు కరిగిందని అర్థం. కనువిప్పు కలగడం జ్ఞానోదయం, కళ్ళు విప్పార్చడం ఆశ్చర్యం. ‘ఇప్పటికి నీ కళ్ళు చల్లబడ్డాయా?’ అని అడిగేవారు నిజానికి ఏమీ అడగడం లేదు, ఎదుటివారి ఓర్వలేనితనాన్ని ఎత్తిచూపుతున్నారు. సొంతవాక్యం రాసేటప్పుడు పిల్లవాడు జాతీయం అర్థాన్ని మాత్రమే గాక, అది ఎవరి నోట, ఎవరి మీద వస్తుందో కూడా చూపగలిగితే ఆ వాక్యానికి పూర్తి మార్కులు ఇవ్వవచ్చు.

పోలికతో మోసం చేసే మాటలు

నోటుపుస్తకంలో చివరి పేజీ ఒకటి వీటికోసం వదలాలి. ‘కను’ అనే క్రియకు చూడటం, ప్రసవించడం అని రెండు అర్థాలు. కన్నతల్లిలో ఉన్నది రెండవ అర్థం, కనిపించు, కనుగొను అన్న మాటలలో ఉన్నది మొదటి అర్థం. కలను కంటామని అనడంలో కూడా చూడటమే ఉంది. పద్యంలో ‘కంటి’ అని వస్తే అది కన్ను మారిన రూపమైనా కావచ్చు, ‘నేను చూచితిని’ అని చెప్పే క్రియ అయినా కావచ్చు. తరువాత నామవాచకం ఉందా, ఆగిపోయిందా అని చూసి తేల్చుకోవాలి. దొంగలు గోడకు వేసే కన్నం, పోల్చి చెప్పే ‘కన్నా’, పెళ్ళికాని కన్నె ఈ కుటుంబంలోకి పరీక్షలో తేకూడదు. కళ్ళు, కల్లు, కళ్ళం అన్నవి మూడు వేర్వేరు మాటలు, రెండవది తాటిచెట్టు నుంచి తీసేది, మూడవది పంట నూర్చే చోటు. ‘ళ’కూ ‘ల’కూ తేడా పాటించకుండా రాసే విద్యార్థి ‘అతనికి కల్లు తిరిగాయి’ అని రాస్తే దిద్దేవారికి నవ్వు ఆగదు.

నిఘంటువులు ఎక్కడ చూడాలంటే, ద్వారకానగర్‌లోని విశాఖపట్నం పౌర గ్రంథాలయం వంటి చోట్ల అవి అందుబాటులో ఉంటాయి, అంతర్జాలంలో వెదికినా దొరుకుతాయి. 1852లో అచ్చయిన బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో వాడుకభాష మాటలు బాగా దొరుకుతాయి, 1885 నాటి శబ్దరత్నాకరం కావ్యపదాలకు మేలు. రెండూ పక్కపక్కన పెట్టుకొని ఒకే మాటను చూడటం మంచి అలవాటు. నిఘంటువులో ‘దే.’ అని ఉంటే దేశ్యమనీ, ‘సం.’ అని ఉంటే సంస్కృతమనీ అర్థం. పర్యాయపదాలు రాసేటప్పుడు రెండింటినీ కలిపి రాసినా తప్పు లేదు.

కన్ను పూర్తయ్యాక తరువాత తీసుకోవలసిన మాట పన్ను అని సూచిస్తాను, ఎందుకంటే రెండూ ఒకే తీరున మారతాయి. పర్యాయపదాలు దంతం, రదనం, దశనం, ద్విజం. ద్విజం అంటే రెండుసార్లు పుట్టేది, పాలపళ్ళు ఊడి మళ్ళీ వస్తాయి గనుక ఆ పేరు వచ్చింది, పక్షికీ బ్రాహ్మణుడికీ కూడా అదే పేరు ఉంది. పన్నుకు నానార్థం సుంకం. మొదట చెప్పిన రూపాల పట్టిక ఇక్కడ చక్కగా పనికివస్తుంది. నోటిలో ఉన్న పన్ను ‘పంటి’గా మారి పంటినొప్పి అవుతుంది, బహువచనంలో పళ్ళు అవుతుంది. నగరపాలక సంస్థకు కట్టే ఆస్తిపన్ను మాత్రం ఏమాత్రం మారదు, పన్ను బకాయి, పన్నులు అనే అంటాము. పంటి బకాయి అని ఎవరైనా అంటే అది దంతవైద్యుడికి చెల్లించవలసిన సొమ్మే అవుతుంది.